ఖాళీగా వదిలిన పదహారు సెక్టార్లు

కాకినాడ,
ఆదివారం.

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. గ్రంథాలయం అటక మీద అట్టపెట్టెల నిండా సీడీలు, డీవీడీలు బయటపడ్డాయనీ, కంప్యూటరు చదువుకున్నదానివని ఆ పని నీ నెత్తిన పెట్టారనీ రాశావు. పాత సావనీర్లు, పీహెచ్‌డీ థీసిస్‌లు, నాటకాల రికార్డింగులు, పత్రికలతో పాటు ఉచితంగా వచ్చిన లినక్స్ డిస్కులు, అన్నీ కలగాపులగం. "ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్కోటీ పెట్టి, కనిపించిన ఫైళ్లన్నీ కాపీ చేసుకుని, సీడీలు పారేయమంటున్నారు. పారేయనా?" అని అడిగావు.

వద్దమ్మా. కాపీ చేయడంలో తప్పు లేదు. "కనిపించిన ఫైళ్లన్నీ" అన్నావు చూడు, చిక్కంతా అక్కడుంది. ఎవరికి కనిపించినవి? మీ ఆఫీసు విండోస్‌కి. అదే డిస్కు లినక్స్‌లో పెడితే పేర్లు మారిపోవచ్చు. పాత మ్యాకింటోష్‌లో పెడితే ఫైళ్లే వేరుగా ఉండొచ్చు. హార్డ్ డిస్కు విషయంలో ఈ గొడవ రాదు కాబట్టి మీ తరం వాళ్లకి ఇది తట్టదు.

నువ్వు మెయిల్లో చెప్పిన పద్యాల సీడీ సంగతే తీసుకో. తెరిస్తే ట్రాక్‌కి ఒక ఫైలు చొప్పున ఉన్నాయనీ, అన్నీ 44 బైట్లేననీ, పెన్ డ్రైవ్‌లో వేస్తే మోగడం లేదనీ అన్నావు. ఆ ఫైళ్లు డిస్కు మీద లేవు! ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఆడియో సీడీకి నియమాలు రాసినప్పుడు ఫైలు అన్న ఊహే అందులో లేదు. ట్రాకులు ఎక్కడ మొదలవుతాయో చెప్పే పట్టిక ఒకటి, ఆ తర్వాత ఏకధారగా శబ్దం, అంతే. విండోస్ మాత్రం ఫోల్డరు తెరిచినవాడికి ఏదో ఒకటి చూపించాలి కాబట్టి ఆ 44 బైట్ల చీటీలు అప్పటికప్పుడు తయారు చేసి చూపిస్తుంది. మ్యాక్ అయితే అవే ట్రాకుల్ని పెద్ద ఆడియో ఫైళ్లలా చూపిస్తుంది. ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆ చీటీలనే పాటలనుకుని దాచుకున్నారో! ఆడియో డిస్కులన్నీ పక్కన పెట్టు. వాటిని చదవడానికి వేరే ప్రోగ్రాములున్నాయి, వాటి సంగతి చివర్లో చెప్తా.

డేటా సీడీల కథ 1985 నవంబరులో, అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని స్టేట్‌లైన్ అనే ఊళ్లో మొదలైంది. తాహో సరస్సు ఒడ్డు ఊరది. అక్కడ హై సియెర్రా అనే క్యాసినో హోటల్లో మైక్రోసాఫ్ట్, ఆపిల్, డెక్, సోనీ, ఫిలిప్స్, హిటాచీ మనుషులు కూర్చున్నారు. ఒక్క సీడీలో 650 ఎంబీ పడుతుంది, ఆ రోజుల హార్డ్ డిస్కు 20 ఎంబీ ఉంటే గొప్ప. అయినా ఎవరి సీడీ వాళ్ల డ్రైవరుతోనే తెరుచుకునేది. అందరికీ పనికొచ్చే ఒకే పద్ధతి కావాలి. అక్కడ కుదిరిన ఒప్పందం మొదట ఆ హోటల్ పేరుతోనే చలామణి అయింది. తర్వాత కొద్ది మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 అయింది. నువ్వు రోజూ వాడే "ఐఎస్ఓ ఫైలు" అన్న మాట ఆ ప్రమాణం పేరు నుంచి వచ్చిందే.

దీన్ని లోపల చూస్తే ముచ్చటేస్తుంది. డిస్కు 2048 బైట్ల సెక్టార్లుగా ఉంటుంది. మొదటి పదహారు సెక్టార్లు, అంటే 32 కేబీ, ఐఎస్ఓ 9660 అసలు ముట్టుకోదు. ఎవరి యంత్రానికి కావలసింది వాళ్లు పెట్టుకోండి, నాకు సంబంధం లేదు అని వదిలేసింది. సున్నా నుంచి లెక్కపెడితే 16వ సెక్టారులో అసలు సంగతి మొదలవుతుంది. ఏదైనా సీడీ ఇమేజ్‌ని హెక్స్ ఎడిటర్‌లో తెరిచి అక్కడికి వెళ్లు. 01 43 44 30 30 31 01 అని కనిపిస్తుంది. మొదటి 01 అంటే ఇది ప్రధాన వర్ణన అని. తర్వాతి ఐదు బైట్లు "సీడీ001" అనే గుర్తు. ఇంకాస్త కిందికి, ఆ సెక్టారులో 128వ బైటు దగ్గర, 00 08 08 00 అని నాలుగు బైట్లుంటాయి. అది 2048 అనే అంకె. రెండుసార్లు రాసి ఉంది. ఇంటెల్ ప్రాసెసరు చిన్న చివర ముందు పెట్టి చదువుతుంది, ఆ కాలపు మ్యాక్‌లోని మోటరోలా పెద్ద చివర ముందు పెట్టి చదువుతుంది. నీ పద్ధతా నా పద్ధతా అని కొట్టుకోకుండా ప్రతి ముఖ్యమైన అంకెనూ రెండు రకాలుగానూ రాసేశారు. చోటు దండగే, కానీ ఆ దండగ వల్ల దెబ్బలాట తప్పింది. కమిటీల పనిని నేను మెచ్చుకునే సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

పేర్ల దగ్గర మాత్రం అందరిలోకీ బీదవాడిని కొలతగా పెట్టుకున్నారు. ఆ బీదవాడు డాస్. మొదటి స్థాయిలో పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. అన్నీ ఇంగ్లిషు పెద్దక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ రాకూడదు. ఫోల్డర్లు ఎనిమిది అంతస్తులు దాటకూడదు. ఫైలు పేరు చివర సెమికోలన్, ఒకటి అని వెర్షన్ నంబరు కూడా ఉంటుంది. అది డెక్ వారి వీఎంఎస్ అనే ఓఎస్ అలవాటు, ఆ తోక చాలా డిస్కుల్లో ఇప్పటికీ ఉంది. మన ఓఎస్‌లు దాన్ని కోసేసి చూపిస్తాయి. రెండో స్థాయిలో పేరు 31 అక్షరాల దాకా పెరిగింది కానీ బుద్ధి మారలేదు. ఫైలు ఎవరిది, ఎవరికి అనుమతి ఉంది లాంటివి యూనిక్స్ వాళ్లు ఆశించే పద్ధతిలో రాయడానికి చోటు లేదు. సింబాలిక్ లింకులు లేవు.

యూనిక్స్ వాళ్లు ఊరుకుంటారా? 1990ల మొదట్లో రాక్ రిడ్జ్ అని ఒక పొడిగింపు తెచ్చారు. ఆ పేరు 1974లో వచ్చిన మెల్ బ్రూక్స్ హాస్య సినిమా 'బ్లేజింగ్ శాడిల్స్'లోని ఊరి పేరు. హోటల్ పేరుతో ఒక ప్రమాణం, సినిమాలో ఊరి పేరుతో ఇంకొకటి. ఇది ఇక్కడితో ఆగదులే.

రాక్ రిడ్జ్ వేసిన ఎత్తు చాలా నేర్పైనది. ఐఎస్ఓలో ప్రతి ఫైలుకీ ఒక చిన్న నమోదు ఉంటుంది: డేటా ఎక్కడుంది, ఎంత పొడుగు, తేదీ, పేరు. పేరు తర్వాత నమోదు చివర కొంత జాగా "సిస్టమ్ వాడకానికి" అని వదిలారు. రాక్ రిడ్జ్ వాళ్లు అందులో దూరారు. రెండేసి అక్షరాల గుర్తులతో చిన్న చిన్న ముక్కలు పెట్టారు. ఎన్ఎం అంటే అసలు పేరు, పీఎక్స్ అంటే అనుమతులూ యజమానీ, ఎస్ఎల్ అంటే సింబాలిక్ లింకు, టీఎఫ్ అంటే తేదీలు. నమోదు పొడుగు చెప్పేది ఒక్క బైటే కాబట్టి మొత్తం 255 బైట్లు దాటకూడదు. దాటితే "మిగతాది ఫలానా చోట" అని సీఈ అనే ముక్క పెట్టి వేరే సెక్టారుకి పంపుతారు. ఎనిమిది అంతస్తుల కంటే లోతైన ఫోల్డర్లని ఆర్ఆర్_మూవ్‌డ్ అనే ఫోల్డరులోకి తరలించి, వెనక్కీ ముందుకీ గుర్తులు పెడతారు. రాక్ రిడ్జ్ తెలిసిన లినక్స్‌కి అవి యథాస్థానంలో కనిపిస్తాయి. తెలియనివాడికి ఆ ముక్కలు అక్కర్లేని బైట్లు, దాటుకుని పోతాడు. పాతవాడి పని చెడకుండా కొత్తవాడికి కావలసినంతా ఇచ్చింది. ఈ వరసలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

నీ పెట్టెలో ఉన్న ఆ పాత లినక్స్ సీడీల్లో ట్రాన్స్.టీబీఎల్ అనే ఫైలు ప్రతి ఫోల్డరులోనూ కనిపించి చిరాకు పెడుతోందన్నావు. అది చెత్త కాదు. రాక్ రిడ్జ్ చదవలేనివాడి కోసం "ఈ పొట్టి పేరుకి అసలు పేరు ఇదీ" అని రాసి పెట్టిన జాబితా. విండోస్ రాక్ రిడ్జ్ వైపు చూడదు కాబట్టి, ఆ డిస్కుని నీ ల్యాప్‌టాప్ నుంచి కాపీ చేస్తే నీకు దక్కేది పొట్టి పేర్లే. అనుమతులు పోతాయి, లింకులు పోతాయి.

1995లో మైక్రోసాఫ్ట్ విండోస్ 95తో పాటు తన దారి తాను చూసుకుంది. దాని పేరు జోలియట్. ఇది రాక్ రిడ్జ్‌లా నమోదుల సందుల్లో దూరలేదు. ప్రధాన వర్ణనతో పాటు "అనుబంధ వర్ణన" ఇంకోటి పెట్టుకోవచ్చని ఐఎస్ఓ ముందే రాసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టుకుని రెండో ఫోల్డర్ల చెట్టు మొత్తం వేరుగా రాసింది. ఒకే పొలానికి ఇద్దరు కరణాలు రాసిన రెండు అడంగళ్లలా అన్నమాట. పొలం ఒకటే, డేటా డిస్కు మీద ఒక్కసారే ఉంటుంది. పేర్లు మాత్రం ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా ఉంటాయి. ఒక పుస్తకంలో ఉన్న ఫైలు ఇంకో దాంట్లో లేకుండా కూడా చేయొచ్చు. డిస్కు తయారు చేసే ప్రోగ్రాముల్లో అలా దాచే ఆప్షన్లు ఉన్నాయి. ఒకే ఫోల్డర్ల వివరాన్ని రెండుసార్లు రాయడం నాకు మొరటుగా అనిపిస్తుంది, కానీ మన తెలుగువాళ్లు జోలియట్‌కి ఒక దణ్ణం పెట్టాలి.

ఎందుకంటే జోలియట్ పేర్లు యూనికోడ్‌లో ఉంటాయి. అక్షరానికి రెండేసి బైట్లు, పెద్ద చివర ముందు. తెలుగు మొత్తం ఆ రెండు బైట్లలోనే ఇముడుతుంది. "తె" అన్నది డిస్కు మీద 0సి 24 0సి 46 అని నాలుగు బైట్లు: త ఒకటి, ఎత్వం ఒకటి. పేరు పొడుగు 64 యూనిట్లు. ఇంగ్లిషువాడికి అది 64 అక్షరాలు. మనకి కాదు. "శ్రీ" కంటికి ఒక అక్షరమే, డిస్కుకి నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. అందుకే పొడుగాటి తెలుగు పేర్లున్న థీసిస్ అధ్యాయాలు సీడీకి రాసేటప్పుడు మధ్యలో తెగిపోయి ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు నిబంధన దాటి 103 దాకా రాసుకోనిచ్చేవి. అది అన్ని చోట్లా తెరుచుకుంటుందన్న పూచీ లేదు. అదే డిస్కులో ప్రధాన చెట్టు చూస్తే ఆ తెలుగు పేరు స్థానంలో వరసగా అండర్‌స్కోర్‌లు, చివర డీఓసీ. అలాంటివి నాలుగుంటే ఏది ఏ అధ్యాయమో తెరిస్తే తప్ప తెలియదు.

రాక్ రిడ్జ్‌లో తెలుగు పేరు రాయలేమా అంటావేమో. రాయొచ్చు. కానీ ఎన్ఎం ముక్కలో ఉన్న బైట్లు ఏ ఎన్‌కోడింగో డిస్కు చెప్పదు. ఈ రోజు లినక్స్ అది యూటీఎఫ్-8 అనుకుంటుంది, అప్పుడు తెలుగు యూనిట్‌కి మూడు బైట్లు. రాసినవాడి కంప్యూటరులో వేరే ఏర్పాటు ఉండి ఉంటే నీకు కనిపించేది పిచ్చి గీతలే. (సావనీర్ల పేజ్‌మేకర్ ఫైళ్ల లోపల ఉండే యూనికోడ్ కాని ఫాంట్ల గోల ఇంకో రోజు మాట్లాడుకుందాం. అది ఫైల్ సిస్టమ్ చేసిన పాపం కాదు.)

లినక్స్‌లో డిస్కు పెడితే, రెండూ ఉంటే ముందు రాక్ రిడ్జ్‌నే ఎంచుకుంటుంది, అది లేకపోతే జోలియట్. విండోస్ జోలియట్ లేకపోతే నేరుగా పొట్టి పేర్లకి దిగిపోతుంది. పాత మ్యాక్ ఓఎస్‌కి జోలియట్ చదవాలంటే విడిగా ఒక చేర్పు వేసుకోవాల్సి వచ్చేది. మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక రెండూ చదవడం నేర్చుకుంది.

మ్యాక్ మాట వచ్చింది కాబట్టి, పదహారు సెక్టార్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆపిల్ ఫైళ్లకి రెండు భాగాలుండేవి, డేటా భాగం, రిసోర్స్ భాగం. ఫాంట్ల సంగతి చూస్తే సరుకంతా రిసోర్స్ భాగంలోనే ఉండి డేటా భాగం సున్నాగా ఉండేది. అంటే విండోస్‌లోకి కాపీ చేస్తే సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది. ఐఎస్ఓ వదిలేసిన 32 కేబీలో ఆపిల్ తన పార్టిషన్ పటం పెట్టి, అదే డిస్కులో హెచ్ఎఫ్ఎస్ అనే తన సొంత ఫైల్ సిస్టమ్‌ని కూడా రాసేది. వీటిని హైబ్రిడ్ డిస్కులంటారు. 1990ల ఎన్‌సైక్లోపీడియాలు, పిల్లల ఆటల్లో ఇలాంటివి చాలా ఉండేవి. మ్యాక్‌లో పెడితే మ్యాక్ ప్రోగ్రాము, పీసీలో పెడితే పీసీ ప్రోగ్రాము కనిపించేవి, ఒకదాని ఊసు ఇంకోదానికి తెలియదు. తమాషా ఏమిటంటే 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా నుంచి ఆపిల్ తన పాత హెచ్ఎఫ్ఎస్‌ని తానే చదవడం మానేసింది. ఇప్పుడు వాటికి లినక్సే దిక్కు.

నువ్వు కాలేజీలో ఉబుంటు ఐఎస్ఓని పెన్ డ్రైవ్‌కి రాసి ఇన్‌స్టాల్ చేశావు గుర్తుందా? అదీ ఆ ఖాళీ జాగా చలవే. సీడీ నుంచి కంప్యూటరు లేవడానికి ఫీనిక్స్, ఐబీఎం ఇంజినీర్లు 1995లో ఎల్ టొరీటో అనే పద్ధతి రాశారు. ఆ పేరు వాళ్లు భోజనానికి వెళ్లే మెక్సికన్ హోటల్‌దని చెప్పుకుంటారు. అది 17వ సెక్టారులో బూట్ నమోదు పెట్టి, సీడీలోని ఒక ఇమేజ్‌ని ఫ్లాపీ అని కంప్యూటరుని నమ్మించగలిగేది. పెన్ డ్రైవ్‌కి ఎల్ టొరీటోతో పని లేదు, దానికి హార్డ్ డిస్కులా మొదటి సెక్టారులో బూట్ కోడ్ కావాలి. ఆ సెక్టారు ఎలాగూ ఖాళీయే కదా అని లినక్స్ వాళ్లు అక్కడ ఆ కోడ్ పెట్టేశారు. అదే ఫైలు సీడీగానూ లేస్తుంది, పెన్ డ్రైవ్‌గానూ లేస్తుంది. 1985లో ఆ హోటల్లో కూర్చున్నవాళ్లకి పెన్ డ్రైవ్ కలలో కూడా వచ్చి ఉండదు.

డీవీడీల కాలానికి ఐఎస్ఓ చాల్లేదు. ఫైలు సైజు రాయడానికి 32 బిట్లే కాబట్టి ఒక్క ముక్కలో 4 జీబీ దాటలేదు. సీడీని ఫ్లాపీలా వాడుకుందామన్నవాళ్లకీ ఇది కుదరదు, ఒక్కో విడతా ముందే మొత్తం కూర్చి రాయాలి. అందుకని ఓస్టా అనే సంఘం యూడీఎఫ్ తెచ్చింది. డీవీడీ సినిమాలు దాని 1.02 వెర్షన్, బ్లూ-రే 2.50 వెర్షన్. ఆలోచన మంచిదే, వెర్షన్లే మరీ ఎక్కువయ్యాయి. విండోస్ ఎక్స్‌పీ 2.01 దాకా చదువుతుంది, అంతకన్నా కొత్తది చూస్తే తెల్లమొహం వేస్తుంది. విస్టా నుంచి విండోస్ తనే యూడీఎఫ్ రాయడం మొదలుపెట్టింది. డిస్కు పెట్టగానే "పెన్ డ్రైవ్‌లా వాడతావా" అన్నట్టు అడిగేదే అది. సరే అన్నవాళ్లు డిస్కుని సరిగా మూయకుండా బయటికి లాగితే ఇంకో యంత్రంలో ఖాళీగా కనిపించేది. నీ పెట్టెలో "పనిచేయదు" అని మార్కర్‌తో రాసిన డిస్కులున్నాయన్నావే, అందులో కొన్నయినా ఇలాంటివే అయి ఉంటాయి. విండోస్ ఇన్‌స్టాల్ డీవీడీని లినక్స్‌లో బలవంతంగా ఐఎస్ఓ 9660గా మౌంట్ చేసి చూడు, సరదాగా ఉంటుంది. ఒకే ఒక రీడ్‌మీ ఫైలు ఉంటుంది. ఈ డిస్కు యూడీఎఫ్‌లో ఉంది, అది తెలిసిన ఓఎస్ కావాలి అని అందులో రాసి ఉంటుంది. నాలుగు జీబీల డిస్కుకి ఐఎస్ఓ వైపు నుంచి కనిపించేది అంతే.

ఇక పని ఎలా చేయాలంటే, ముందు ప్రతి డిస్కుకీ రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీయి. చేత్తో రాసిన అక్షరాలు ఏ ఇమేజ్‌లోకీ రావు. తర్వాత లినక్స్ మెషీన్‌లో డీడీరెస్క్యూతో మొత్తం ఇమేజ్ తీసుకో. చదవలేకపోయిన సెక్టార్లు ఏవో అది చీటీ రాసి పెడుతుంది, ఇంకో డ్రైవ్‌లో పెట్టి ఆ సెక్టార్లకే మళ్లీ ప్రయత్నించొచ్చు. సీడీ-ఆర్‌ల చివర ఒకటి రెండు సెక్టార్లు చదవలేదని ఎర్రర్ వస్తే కంగారు పడకు, రాసే పద్ధతిలోనే ఆ తోక మిగిలేది. ప్రధాన వర్ణనలో రాసి ఉన్న సెక్టార్ల సంఖ్య వరకూ వచ్చిందా లేదా చూసుకో, అది చాలు.

ఇమేజ్ వచ్చాక దాన్ని మామూలుగా ఒకసారి, "నోరాక్" అని చెప్పి ఒకసారి, "నోరాక్, నోజోలియట్" రెండూ చెప్పి ఒకసారి మౌంట్ చేయి. మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టి పోల్చు. తేడా ఉన్న డిస్కులే నీ టైము తినేవి. డీవీడీలయితే యూడీఎఫ్‌గా కూడా చూడు. విడతలు విడతలుగా రాసిన సీడీలతో మాత్రం జాగ్రత్త. డ్రైవ్‌లో పెడితే లినక్స్ చివరి విడత చూపిస్తుంది, ఇమేజ్ నుంచి మౌంట్ చేస్తే మొదటి విడతే చూపిస్తుంది. "ఎస్‌బీసెక్టార్" అని చెప్పి ఏ సెక్టారు నుంచి చూడాలో నువ్వే చెప్పాలి. విడతల మధ్య కొంత మేర, మొదటి దాని తర్వాత అయితే సుమారు 22 ఎంబీ మేర, చదవడానికి ఏమీ ఉండదు. అది పాడైన డిస్కు కాదు. ఒక విడతలో చెరిపేసిన ఫైలు ముందు విడతలో అలాగే ఉంటుంది కాబట్టి, థీసిస్‌ల సీడీల్లో గైడు దిద్దక ముందు రూపం కూడా దొరికే అవకాశం ఉంది. అది బయటపెట్టే ముందు రాసినవాళ్లని అడగడం మర్యాద.

పద్యాల సీడీలకి సీడీ పారనోయా వాడు, ట్రాక్‌కి ఒక వేవ్ ఫైలు వస్తుంది. డిస్కు లేబుల్ మీద పద్యం పేరుంటే అప్పుడే టైపు చేసెయ్యి.

పారేయమన్నవాళ్లతో, ఇమేజ్‌లు రెండు చోట్ల చేరి, చెక్‌సమ్‌లు సరిపోలిన తర్వాత చూద్దామని చెప్పు. పాత మ్యాక్ సావనీర్ డిస్కు ఒకటి ఉందన్నావే, అది మాత్రం నువ్వు డ్రైవ్‌లో పెట్టకు, దసరాకి వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకురా. నా దగ్గర పాత డ్రైవ్ ఒకటి ఇంకా తిరుగుతోంది, అందులో పెట్టి చూద్దాం. మీ నాన్నకి బీపీ మాత్రలు అయిపోయాయట, వస్తూ తీసుకురమ్మని మీ పెద్దమ్మ చెప్పమంది.

ఇట్లు,
మీ పెదనాన్న